పాడుపెట్టిన ఇంట్లో కంప్యూటర్

కోరుట్లలో రాత్రి తొమ్మిది దాటితే ఆటోవాళ్లు పోని సందు ఒకటుంది. ఎంత బతిమాలినా పోరు. సందు మొదట్లోనే దింపేసి, "నడిచి పోండ్రి" అని ఆటో తిప్పుకుంటారు. సందు చివర దివాకర్ ఇల్లుంది మరి.

ఇల్లు పెద్దదేం కాదు. రెండు గదులు, ముందొక వరండా, పక్కన చేతిపంపు. తలుపుకు అడ్డంగా రేగు కంప. ఆకు ఎప్పుడో రాలిపోయింది, ముళ్లు మాత్రం మిగిలాయి. లోపల మనిషన్నవాడు లేడు. అయినా రాత్రి పదింటికి కిటికీ సందుల్లోంచి నీలం వెలుగు వస్తుంది. కాసేపుంటుంది... ఆరిపోతుంది. మళ్లీ వస్తుంది.

ఆ ఇంట్లో దెయ్యం లెక్క పెడుతుందని ఊరంతా చెప్పుకుంటారు.

నేను దెయ్యాలను నమ్మే రకం కాదు. పని మీద పగలూ రాత్రీ ఊళ్లు తిరుగుతాను, పాడుబడ్డ కొంపల్లో దూరుతాను. ఇంతవరకు ఒక్క దెయ్యం కూడా నన్ను పలకరించలేదు. కానీ ఈ కథ నాకు చెప్పినవాడు ఆ రాత్రి ఆ గదిలో ఉన్నాడు. ఉండటమే కాదు, చేతిలో లైటు పట్టుకుని నిలబడ్డాడు.

వాడి పేరు రాకేశ్. ఆటో నడుపుతాడు, పెళ్లాం పిల్లలున్నవాడు. మొన్న వానాకాలం ఆఖరి బస్సు దిగి వాడి ఆటో ఎక్కాను. వాన దంచికొడుతోంది. ఒక రేకుల షెడ్డు కింద ఆటో ఆపి, ఇంజను కట్టేసి, వెనక్కి తిరగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. నేను అడగలేదు. కడుపులో దాచుకోలేక చెప్పాడు.

ముందు దివాకర్ చావు సంగతి చెప్పాలి. దివాకర్ చీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. ఇంట్లో కంప్యూటర్ మీద గీసి, వారానికి రెండుసార్లు సిరిసిల్ల పోయి అక్కడి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, తన అంచు ఎలా పడుతోందో చూసుకుని వచ్చేవాడు. ఒకరోజు తిరిగి వస్తుంటే చందుర్తి దాటాక లారీ గుద్దింది. నడుము కింద నుజ్జునుజ్జయింది. ఇక లాభం లేదంటే ఇంటికి తెచ్చారు. రెండు రాత్రులు అరిచాడు. ఆ అరుపులకు సందులో పిల్లలెవరూ నిద్రపోలేదు. మూడో రాత్రి... అరుపు ఆగింది.

ధర్మపురి నుంచి వచ్చిన అయ్యగారు పంచాంగం చూసి పెదవి విరిచాడు. ధనిష్ఠ నక్షత్రంలో పోయాడు. ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి. అంటే తలుపు మూసి, కంప కొట్టి, ఇంటిల్లిపాదీ వెళ్లిపోవాలి. గడువు తీరేదాకా ఎవరూ గడప తొక్కకూడదు. లోపలి నుంచి చెంచా కూడా బయటికి రాకూడదు. దివాకర్ తల్లి చంద్రవ్వ ఆ మాట గట్టిగా పట్టుకుంది. ఆమె జగిత్యాలలో కూతురింటికి పోయింది. దివాకర్ భార్య వసంత పాపను ఎత్తుకుని సిరిసిల్లలో తల్లిగారింటికి పోయింది.

నెల తిరక్కముందే కిటికీలో వెలుగు మొదలైంది.

ఎదురింట్లో రాజేందర్ ఉంటాడు. రెండు ట్రాక్టర్లున్న ఆసామి. ఆ వెలుగు మొదలైన కొన్నాళ్లకు అతని పాడి బర్రె చచ్చింది. ఆ తర్వాత ఎనిమిదేళ్ల కూతురు కళ్యాణికి జ్వరం, ఫిట్సు. జగిత్యాల ఆస్పత్రిలో మెదడువాపు అన్నారు, మందులు ఎక్కిస్తున్నారు. రాజేందర్‌కు ఆ మాట తలకెక్కలేదు. పిల్ల కళ్లు తేలేసినప్పుడల్లా అతనికి ఆ కిటికీయే గుర్తొచ్చేది.

సరిగ్గా అప్పుడే ఎవరో ఎర్రయ్యను చూశారు.

ఎర్రయ్య సందు వెనక గుడిసెలో ఉంటాడు. అరవై దాటినవాడు. అతనూ భార్య మల్లక్కా కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇల్లు. ఆ ఎర్రయ్య, పొద్దుగూకే వేళ, పాడుపెట్టిన ఇంటి వెనక తలుపులోంచి బయటికొచ్చాడు. నేరుగా చేతిపంపు దగ్గరికి పోయి తల మీదుగా నీళ్లు పోసుకున్నాడు. తడిబట్టలతో, పెదవులు కదుపుకుంటూ ఇంటికి పోయాడు.

అంతే. అంతకుమించి ఎవరికీ ఏమీ అక్కర్లేకపోయింది. చేతబడి అన్నారు. ఈ మాట ట్రాక్టర్లున్నవాడి మీద పడగా నేనైతే ఎన్నడూ చూడలేదు. పడితే ఎర్రయ్యలాంటివాడి మీదే పడుతుంది. ఆ మాటంటే నాకు ఒళ్లు మండుతుంది.

"మేం నలుగురం పోయినం అన్నా," అన్నాడు రాకేశ్. "రాజన్న, భూమన్న, నేను, ఇంకొగడు. రాజన్న తాగి ఉండె. మేం తాగలే. అబద్ధమెందుకు, తాగకుంటనే పోయినం."

ఎర్రయ్య అన్నం తింటున్నాడు. కంచం ముందు నుంచి జుట్టు పట్టి లేపారు. మల్లక్క కాళ్లు పట్టుకుంటే భూమన్న తన్ని తోశాడు. ఆమె పొయ్యి మీద పడింది.

ఎర్రయ్యను సందులో ఈడ్చుకుపోయారు. రాజేందర్ చేతిలో ట్రాక్టర్ బెల్టు. ఒక్కో దెబ్బకు ఒక్కో ప్రశ్న.

"ఎందుకు పోయినవ్ రా గా ఇంట్లకు?"

"పోయిన... పోయిన మాట నిజమే."

"ఎందుకు?"

"చెప్ప."

బెల్టు ముఖానికి తగిలింది. చెవి చీలింది.

"ఏం వెట్టినవ్ లోపట? తీస్తవా, తియ్యవా?"

"నేనేం వెట్టలే రాజన్నా... నీ బిడ్డ నా మన్మరాలసొంటిది..."

"మరెందుకు పోయినవ్?"

"చెప్ప."

అక్కడే కొట్టి వదిలేసి ఉంటే బాగుండేది. కానీ రాజేందర్ జేబులోంచి పట్కారు తీశాడు. ట్రాక్టర్ పనిముట్ల డబ్బాలోది, నూనె మరకలది. మా వైపు ఒక మొండి నమ్మకముంది... చేతబడి చేసేవాడి పళ్లు పీకేస్తే మంత్రం పలకదని. ఆ పేరు మీద ఎన్ని నోళ్లు రక్తమయ్యాయో!

"ఏడ వెట్టినవో గాడనే తియ్యాలె," అన్నాడు రాజేందర్.

వెనక తలుపు ఒక్క తన్నుకు ఊడింది. ముందు వాకిట్లో కంప, వెనక చీకటి. లోపల మూసిన గది వాసన... ఎలుకల వాసన. దివాకర్ చచ్చిన మంచం గోడకు నిలబెట్టి ఉంది. మూలన బల్ల. బల్ల మీద కంప్యూటర్, తెర నల్లగా.

ఎర్రయ్యను నేల మీద పడేశారు. భూమన్న తొడల మీద కూర్చున్నాడు. నాలుగోవాడు చేతులు తొక్కిపట్టాడు. రాకేశ్ ఫోన్ లైటు పట్టాడు.

"ఏం వెట్టినవ్?"

ఎర్రయ్య తల అడ్డంగా ఊపాడు. మొదటి పన్ను ఊడలేదు, విరిగింది. పట్కారు జారి చిగురు చీల్చింది. ఆ అరుపు... రాకేశ్ నాకు చెప్తూ రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఏం వెట్టినవ్?"

రెండోది వేరుతో వచ్చింది. రాజేందర్ దాన్ని లైటు ముందు పెట్టి చూసి, గోడకేసి కొట్టాడు.

"ఏం వెట్టినవ్ రా!"

మూడోది వచ్చేసరికి ఎర్రయ్య అరవడం మానేశాడు. నోట్లోంచి రక్తం గడ్డం మీదికి, మెడ మీదికి కారుతోంది. "లైటు గట్లనే పట్టుకున్ననన్నా," అన్నాడు రాకేశ్. "ముసలోడు సస్తడని తెలుస్తనే ఉన్నది. అయినా ఆగుండ్రని ఒక్కమాట అనలేదు నేను."

అప్పుడు ఎర్రయ్య నోరు కదిలింది. గుసగుసగా, రక్తంలోంచి—

"ఓ దివాకరూ... సూస్తున్నవా..."

చచ్చినవాడి పేరు వినగానే రాజేందర్‌కు పిచ్చెత్తింది. కాలెత్తి డొక్కలో తన్నాడు. భూమన్న ఒక పక్క, ఎర్రయ్య ఒక పక్క పడ్డారు. ఎర్రయ్య తల పోయి బల్లకు ధడేల్మని తగిలింది. బల్ల కదిలిపోయింది.

గది నీలమైంది.

ఎవరూ స్విచ్చు వేయలేదు. ఎవరూ బల్ల దగ్గర లేరు. నల్లటి తెర దానంతట అదే వెలిగింది. నలుగురి ముఖాలు నీలంగా... నేల మీద రక్తం నల్లగా.

"ఎవ్వడన్న వైరు తొక్కిండా?" అన్నాడు రాజేందర్.

తెర మీద బాణం గుర్తు ఉంటుంది చూడండి, అది కదిలింది. మెల్లగా... ఒక మూల నుంచి ఇంకో మూలకు. ఆగింది. వెతుకుతున్నట్టు మళ్లీ కదిలింది.

అప్పుడు దివాకర్ గొంతు వినిపించింది.

"పచ్చ... నాలుగు."

గది గోడలు అదిరాయి. అంత గట్టిగా.

"తెల్ల... రెండు. పచ్చ... నాలుగు."

"మేం నలుగురమే ఉన్నం లోపట, అన్నా," అన్నాడు రాకేశ్. "మమ్ములనే లెక్కవెడుతుండు."

"పచ్చ... నాలుగు," అంది గొంతు. కాసేపు ఆగింది. ఊపిరి పీల్చిన చప్పుడు.

"తెంపు."

ఇంక ఎవరు ఎవరినీ చూసుకోలేదు. భూమన్న గడప మీద పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. నాలుగోవాడు లుంగీ అక్కడే వదిలేసి పోయాడు. రెండు ట్రాక్టర్ల ఆసామి ఇంటిని చుట్టి ముందు వైపుకు పరుగెత్తి, చీకట్లో ఒట్టి కాళ్లతో ఆ రేగు కంపలోనే పడ్డాడు. ముళ్లతోనే ఇంటిదాకా పరుగు.

పోలీసు బండి వచ్చేసరికి గదిలో ఎర్రయ్య ఒక్కడే ఉన్నాడు. ఏమైందని అడిగితే, "పడ్డ," అన్నాడు. ఇంకొక్క మాట చెప్పలేదు. కళ్యాణికి పది రోజుల్లో జ్వరం దిగింది. మందులతోనే దిగింది. కానీ రాజేందర్ లెక్క వేరు. దివాకర్ క్షమించాడనుకున్నాడు. ఇప్పుడు అమావాస్య అమావాస్యకూ ఆ కంప ముందు కొబ్బరికాయ కొడతాడు. ఎర్రయ్య ఎదురైతే పక్కకు తప్పుకుంటాడు.

"సచ్చినోడు లేసచ్చి కాపాడిండన్నా," అని రాకేశ్ కళ్లు తుడుచుకున్నాడు.

వానలోనే దిగి నడిచాను.

ఆ రాత్రి నేనూ మేలుకునే ఉన్నాను. జగిత్యాలలో, మా ఇంటి మెట్ల మీద, చెవికి ఫోన్ పెట్టుకుని. నాది నెట్ కనెక్షన్లు పెట్టే పని. ఆ ఇంట్లో కంప్యూటర్‌ను సిరిసిల్లతో కలిపింది నేనే.

ఇల్లు పాడుపెట్టిన కొత్తలో వసంత నా దగ్గరికి వచ్చింది. "అన్నా, ఇంట్లకు పోరాదట. కంప్యూటర్ బయటికి తేరాదట. డిజైన్ల సాఫ్ట్‌వేర్ గా ఒక్కదాని మీదనే నడుస్తది. నాకు వచ్చిన పని గదొక్కటే. సిరిసిల్లల కూసోని దాన్ని నడిపియ్యొస్తదా?"

వస్తుందన్నాను. నాకు నక్షత్రాల పట్టింపు లేదు. ఒక సాయంత్రం ఎర్రయ్య వెనక తలుపు తీసి నిలబడితే, లోపలికి పోయి అరగంటలో పని ముగించాను. ముందు గదిలో దివాకర్ ఉన్నప్పుడు పెట్టిన వైఫై పెట్టె, లోపలి గదిలో కంప్యూటర్. నడిమి తలుపు తీయొద్దని వసంత మరీ మరీ చెప్పింది కాబట్టి వైరు లాగలేదు, గాలిలోనే కలిపాను. పని లేనప్పుడు కంప్యూటర్ నిద్రపోవాలి. సిరిసిల్ల నుంచి పిలిస్తే లేవాలి. అదీ నా ఏర్పాటు. పాపను పడుకోబెట్టి వసంత రోజూ రాత్రి పదింటికి దాన్ని లేపేది. సందు జనం చూసిన వెలుగు అదే.

కానీ అది ఒక్కోరోజు పలికేది కాదు. అలాంటప్పుడు వసంత మల్లక్కకు ఫోన్ చేసేది. ఎర్రయ్య మర్నాడు పొద్దుగూకాక లోపలికి పోయి, బల్ల మీది మౌసు కదిపి వచ్చేవాడు. చావు ఇంట్లో అడుగుపెట్టాడు కాబట్టి తన గుడిసె గడప తొక్కకముందే పంపు దగ్గర తల నిండా నీళ్లు పోసుకునేవాడు. దేవుణ్ని తలుచుకుంటూ ఇంటికి పోయేవాడు. ఆ తడిబట్టలనే వాళ్లు చేతబడి అన్నారు!

ఎవరికీ చెప్పొద్దని వసంత మాట తీసుకుంది. గడువు లోపల గడప తొక్కించిందని తెలిస్తే, ఆ సందులో ఏ పిల్లకు జ్వరమొచ్చినా చంద్రవ్వ కోడలి మీదే వేస్తుంది. మూడు పళ్లు పోయినా ఎర్రయ్య ఆ మాట తప్పలేదు.

"అన్నా, అది ఊకె పండుకుంటుంది, ఎంత పిలిచినా పలుకది," అని వసంత నాకు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ "చూద్దాం లేమ్మా" అన్నాను.

ఆ రాత్రి మల్లక్క ఫోన్ చేసి ఏడ్చింది. వసంత ముందు పోలీసులకు చేసింది, తర్వాత నాకు.

"అన్నా... ఎర్రయ్య కాకను మా ఇంట్లకే గుంజుకపోయిండ్రట. పండ్లు పీకుతున్నరట. నేను కంప్యూటర్ లేపుతున్న... పలుకుతలేదన్నా!"

"మళ్లీ నొక్కమ్మా."

"పలుకుతలేదు..."

"మళ్లీ."

ఆమె రెండో ఫోన్‌లో మల్లక్క ఏడుపు నాకు వినిపిస్తూనే ఉంది. పదకొండు నిమిషాలు. నడిమధ్యలో నాకు తట్టింది. కంప్యూటర్‌లో వైఫై అందుకునే భాగానికి ఒక సెట్టింగు ఉంటుంది. కరెంటు ఆదా కోసం దాన్ని ఆపేయవచ్చు అని ఒక వరుస, పక్కన టిక్కు. ఆ టిక్కు తీసేయాలి. ఉంటే, కాసేపు పని లేకపోయేసరికి కంప్యూటర్ తన చెవులు తానే మూసుకుంటుంది. ఇక ఎవరు పిలిచినా వినదు.

ఆ టిక్కు నేను తీయలేదు. తొందరలో మరిచాను.

ఆమెకు ఆ సంగతి చెప్పలేకపోయాను. "మళ్లీ నొక్కమ్మా," అనే అన్నాను.

పదకొండో నిమిషంలో వసంత ఒక్క కేక పెట్టింది. "అచ్చింది!" తర్వాత ఏం చేయాలో ఆమెకు తెలీదు. చేతికందిన మొదటి ఫైలు నొక్కింది, సౌండు మొత్తం పెంచింది. సాంచాల దగ్గర నిలబడి అంచులో రంగుపోగుల లెక్క చదివి, ఫోన్‌లో రికార్డు చేసి పంపేవాడు దివాకర్. ఏ రంగు ఎన్ని పోగులు, ఎక్కడ తెంపాలి అని. ఇంట్లో ఆమె విని కంప్యూటర్‌లో ఎక్కించేది. మొగుడు పోయాక ఆ గొంతు వినే ధైర్యం చేయడం ఆమెకు అదే మొదటిసారి.

మర్నాడు నేను ఆ గదికి పోయాను. బల్ల కోడు మీద రక్తం, ఎర్రయ్య నెరిసిన వెంట్రుకలు. మౌసు బల్ల మీంచి జారి వైరుకు వేలాడుతోంది. అప్పుడు తెలిసింది, కంప్యూటర్ మేం పిలిస్తే లేవలేదు. నలభైసార్లు పిలిచినా లేవనిది, ఎర్రయ్య తల కొట్టుకుంటే లేచింది. ఆ టిక్కు తీసేసి, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

గడువు తీరి నెలయింది. వసంత ఇంటికి వచ్చేద్దామనుకుంది. సిరిసిల్లలో వదినల మధ్య ఆమెకు ఊపిరాడటం లేదు. ఆమెను ఫోన్‌లో ఉంచి, నేను ఎర్రయ్య గుడిసెకు పోయాను. ఇల్లు తెరుస్తాం, జరిగిందంతా అందరి ముందు చెప్పేస్తాం, తప్పు నాదని కూడా చెప్తాను అన్నాను.

ఎర్రయ్య జావ గిన్నె కింద పెట్టాడు. ముందు పళ్లు లేక మాట గాలిగా వస్తుంది.

"చెప్పకుండ్రి సారు. సిరిసిల్లల కూసోని పిలిస్తె కోరుట్లల డబ్బ లేస్తదంటె... గదే మంత్రమంటరు. నాతోని ఆగరు. వసంతమ్మ దాంక పోతరు."

"మరి ఎన్నాళ్లు కాకా ఇట్లా?"

బయట రాజేందర్ ట్రాక్టర్ చప్పుడైంది. ఎర్రయ్య చేయి దానంతట అదే నోటికి అడ్డం పోయింది. చప్పుడు దూరమయ్యేదాకా తీయలేదు.

"నాకు తెల్వది సారు. ఇల్లు మూసే ఉంచుండ్రి, గా డబ్బను మాత్రం పండుకోనియ్యకుండ్రి. గా డబ్బ పండుకుంటె వీళ్లు లేస్తరు."

ఫోన్‌లో వసంత వెనక ఎక్కడో సాంచాల చప్పుడు, పాప ఏదో అడుగుతున్న చప్పుడు.

"సరే కాకా," అంది. "నేను రాను."